స్కేలు: ఒకటికి వంద

మీ ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద ఏముంటుంది? ఊరగాయ జాడీ, మందుల డబ్బా, కట్టాల్సిన కరెంటు బిల్లు, ఎవరూ మడత పెట్టని బట్టలు. అవునా? ఎవరింట్లోనైనా అంతే. దానిమీద అన్నం తినేది చుట్టాలొచ్చినప్పుడే. మరి అలాంటి టేబుల్‌ను నేను ఆక్రమించుకుంటే మా ఇంట్లో అంత రాద్ధాంతం ఎందుకయిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఇప్పుడు మా టేబుల్ మీద ఒక ఊరుంది. బొడ్రాయి ఉంది, పీర్ల చావడి ఉంది, మట్టి మిద్దెలున్నాయి, చింతచెట్టుంది. మేము కింద చాప పరుచుకుని తింటున్నాం.

"అప్పుడు ఊరు కిందికి పోయింది, మనం పైకొచ్చినం. ఇప్పుడు ఊరు పైకెక్కింది, మనం కిందికొచ్చినం. ఏం లెక్క బావా ఇది?" అంటుంది మా ఇంటామె, పప్పు వడ్డిస్తూ.

బావా అంటుందని ఆశ్చర్యపోకండి. మాది మేనరికం. ఆమె మా మేనమామ కూతురు. మేనరికంలో ఉన్న కష్టమేంటంటే, మన చిన్నప్పటి గొప్పలు భార్య ముందు చెప్పుకోలేం. అన్నీ చూసిన మనిషి.

నేను ఇరిగేషన్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. ఉండేది వనపర్తిలో. జీవితమంతా గీతలు గీసినవాణ్ణి ఇంట్లో కూర్చోబెడితే ఏం చేస్తాడు? ఇంట్లో గీతలు గీస్తాడు. కందిపప్పు డబ్బాకు గరిష్ఠ మట్టం, కనిష్ఠ మట్టం అని పెన్సిల్‌తో గుర్తులు పెట్టాను. వంటింటికి ప్లాను గీశాను. స్టవ్వు, సింకు దగ్గరికి జరిపితే ఆమెకు రోజుకు ఎంత నడక తగ్గుతుందో లెక్క కట్టి చూపించాను.

"నడక తగ్గితే షుగర్ పెరుగుతది" అన్నది. ప్లాను మీద ఉల్లిగడ్డలు పోసింది.

పగలు ఇలా గడిచేది గానీ, రాత్రి మాత్రం నవ్వులాట కాదు. అర్ధరాత్రి దాటాక మెలకువ వచ్చేది. ఎప్పుడో, ఏ కాలంలోనో గీసిన ఒక కాలువ మలుపు తప్పు గీశానేమో అని అనుమానం పట్టుకునేది. ఆ కాలువలో నీళ్లు పారి పంటలు పండి, రైతుల పిల్లలకు పెళ్లిళ్లు కూడా అయిపోయాయి. అయినా నాకు చెమటలు. గ్యాస్ కట్టేశావా అని ఆమెను లేపి అడిగేవాణ్ణి. పొద్దున లేస్తే ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు, పేపరు చదవబుద్ధి కాదు, గుండెల మీద ఏదో బండ పెట్టినట్టుండేది. ఫోన్ మోగితే ఆఫీసు నుంచేమో అనుకుని లేచేవాణ్ణి. బ్యాంకువాళ్లు, లోన్ కావాలా అని.

మన దగ్గర మనసు బాగాలేదంటే ఇచ్చే సలహాలు రెండే. ఒకటి, ఏం కాదు, తిని పండు. రెండు, ఎర్రగడ్డ పిచ్చాసుపత్రి. ఈ రెండింటికీ నడుమ ఇంకేదైనా ఉంటుందని ఎవరికీ తోచదు. మా బామ్మర్ది రెండోది చెప్పి తనే గట్టిగా నవ్వాడు. మా ఇంటామె నవ్వలేదు. మర్నాడే డాక్టర్ దగ్గరికి తోలుకుపోయింది.

ఆయన బీపీ చూశాడు. తర్వాత నన్ను కాదు, ఆమెను అడిగాడు: "సారు ఇంట్లో ఏం చేస్తుంటారమ్మా?"

"నేనేం చేస్తున్ననో చూస్తుంటడు."

డాక్టర్‌కు జబ్బు అర్థమైంది. మందు రాసి, "చేతులకేదైనా పని చెప్పండి" అన్నాడు. చేతులకు పనంటే మా ఇంటామెకు తెలిసింది చిక్కుడుకాయలు తుంచడం. నేను స్కేలు పెట్టి అన్నీ ఒకే కొలతకు కోశాను. మధ్యాహ్నం కూర సాయంత్రానికి అయింది. ఆ ఉద్యోగం నుంచి కూడా రిటైర్మెంటే.

అప్పుడు హైదరాబాద్ నుంచి మా అబ్బాయి ఒక డబ్బా పంపాడు. లోపల యుద్ధ విమానం. అసలు విమానంలో డెబ్బై రెండో వంతు. అంటే విమానం విమానంలా ఉండదు, గెలకు అరటికాయల్లా ప్లాస్టిక్ కడ్డీలకు అతుక్కుని ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ముక్క ముక్కకూ నంబరు. నంబరు చూసి, కత్తిరించి, అంచు రుద్ది, గమ్ము రాసి అతికించాలి. బ్రిటన్‌లో ఎయిర్‌ఫిక్స్ అనే కంపెనీ 1950లలో ఇట్లాంటి డబ్బాలు వూల్‌వర్త్స్ దుకాణాల్లో రెండు షిల్లింగులకు పెట్టి అమ్మితే పిల్లలూ తండ్రులూ ఎగబడ్డారట. పిల్లల కోసమని కొని తండ్రులు చేసేవారని నా అనుమానం. మా ఇంట్లో పిల్లాడు కొని తండ్రికి పంపాడు, అంతే తేడా.

పైలట్ చెయ్యి ఒకటి ఉంటుంది, చూడండి, ఎండు జీలకర్ర అంత. దాన్ని చిమటాతో పట్టుకున్నాను. ఎగిరింది. ఎటు పోయిందో తెలియదు. టార్చిలైటు వేసుకుని ఇల్లంతా పాకాను. చీపురు పట్టనివ్వలేదు. పొద్దంతా ఇల్లు ఊడ్వకుండా ఉన్నదనీ, లక్ష్మి రాదనీ పోరు. సాయంత్రం మా ఇంటామె చాటలో బియ్యం ఏరుతూ, అద్దాలు కూడా లేకుండా, రెండు వేళ్లతో పట్టి నా ముందు పెట్టింది.

"రాయి అనుకున్న. చెయ్యి ఉన్నది దీనికి."

నేను చిమటాతో, భూతద్దంతో చేసే పని ఆమె నలభై ఏళ్లుగా చాటలో చేస్తోంది. ఆ సంగతి నాకప్పుడే తట్టింది కానీ పైకి ఒప్పుకోలేదు.

ఆ విమానానికి రెక్క మీద గమ్ము మరక పడితే, పోగొడదామని కోడలు మరిచిపోయిన నెయిల్ పాలిష్ రిమూవర్ పూశాను. మీరు మాత్రం ఆ పని చెయ్యకండి. అందులో అసిటోన్ ఉంటుంది, ఈ ప్లాస్టిక్‌ను అది కరిగించేస్తుంది. రెక్క అప్పడంలా ముడుచుకుంది. దాన్ని యుద్ధంలో దెబ్బ తిన్న విమానంగా ప్రకటించి టీవీ పక్కన పెట్టాను. చూడవచ్చినవాళ్లు నిజమే అనుకున్నారు.

ఐతే ఒక సంగతి. ఆ విమానం చేసిన రోజుల్లో కాలువ మలుపు నాకు గుర్తుకు రాలేదు.

ప్లాస్టిక్‌తో మొదలైనవాడు ప్లాస్టిక్‌తో ఆగడు. నాకు మన వనపర్తి గొప్పతనం లోకానికి చాటాలనిపించింది. మదనాపురం దగ్గర సరళాసాగర్ తెలుసు కదా? వనపర్తి రాజావారి చలవ. 1959లో పూర్తయిన ప్రాజెక్టు. దానికి గేట్లెత్తే మనిషి అక్కర్లేదు. నీళ్లు ఒక మట్టానికి రాగానే సైఫన్లలో గాలి బయటికి పోయి, వాటంతట అవే నీటిని లాగి కిందికి వదులుతాయి. మట్టం తగ్గగానే గాలి దూరి, వాటంతట అవే ఆగిపోతాయి. 2019 డిసెంబర్ 31న కట్ట తెగి పేపర్లకెక్కింది గానీ, ఆ సైఫన్ల తెలివి మాత్రం తెలివే. దాని నమూనా చేసి, నీళ్లు పోసి చూపిద్దామని నా ఆరాటం.

"పెద్ద పెద్ద ఇంజనీర్లే డ్యాం కట్టే ముందు బొమ్మ డ్యాం కట్టి నీళ్లు వదిలి చూస్తారు. హిమాయత్‌సాగర్ దగ్గర దానికి పెద్ద లేబొరేటరీయే ఉంది" అని ఆమెకు ముందే చెప్పాను.

"వాళ్లు హాల్లో వదలరు కద?"

వదిలాను. టబ్బు నిండింది. సైఫన్ అందుకుంది. ఆహా అనుకున్నాను. కింద పెట్టిన బకెట్ నిండింది. సైఫన్ ఆగలేదు. గాలి దూరే సందు పెట్టడం మరిచాను. టబ్బులో చుక్క మిగలకుండా ఊడ్చి హాల్లోకి పోసింది. దివాన్ కింద దాచిన పాత పట్టాదారు పాసుబుక్కులు, మనవడి స్కూల్ ఫోటోలు అన్నీ ముంపుకు గురయ్యాయి.

మా ఇంటామె చీర ఎత్తి చెక్కుకుని, గుడ్డతో నీళ్లు పిండుతూ నింపాదిగా అన్నది: "నీకు కూడా ఆ సందు పెట్టుడు మరిచినట్టున్నరు. మొదలైతే ఆగవు."

ఈ మాట ఆమె మా ఆడపడుచులందరికీ ఫోన్ చేసి చెప్పింది. ఇప్పుడు మా బంధువుల్లో నా పేరు సైఫన్.

ఆ తడి ఆరాక ఒకనాడు ఆమే అన్నది. విమానం దుమ్ము దులుపుతూ, వెనక్కి తిరక్కుండా: "ఈ ఇమానం మనం ఎక్కింది లేదు, దిగింది లేదు. చేసేదేదో మన ఊరు చెయ్యరాదు?"

ఆలోచన నాదేనని చాలామందికి చెప్పాను. మీకు మాత్రం నిజం చెబుతున్నాను.

మాది కృష్ణ ఒడ్డు ఊరు, కొల్లాపూర్ దిక్కు. ఊరి పేరు చెప్పను, ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది. ఇప్పుడు ఆ దిక్కంతా నాగర్‌కర్నూల్ జిల్లా అంటున్నారు. 2016లో జిల్లాలు చీల్చేనాటికి ఏ జిల్లాలో కలపాలో అని మా ఊరికి రంది లేదు. అప్పటికే అది కృష్ణలో కలిసి ఉంది. 1963లో నెహ్రూ శ్రీశైలం ప్రాజెక్టుకు శంకుస్థాపన చేసినప్పుడు నేను ఉయ్యాల్లో ఉన్నాను. ఊరు ఖాళీ చేసేనాటికి వనపర్తి పాలిటెక్నిక్‌లో, రాజావారి బంగళాలో కూర్చుని, చెక్క టీ స్క్వేర్‌తో గీతలు నేర్చుకుంటున్నాను.

ఉద్యోగమొచ్చిన కొత్తలో ఒకరోజు నా బల్లమీద ఒక మ్యాపు పరిచారు. 885 అడుగుల కాంటూరు గీత, అంటే శ్రీశైలం నిండా నిండితే నీళ్లు నిలిచే మట్టం. ఆ గీతకు లోపల చీమంత అక్షరాల్లో మా ఊరి పేరు. దాన్ని ట్రేసింగ్ పేపర్ మీదికి ఎత్తడం నా పని. రోట్రింగ్ పెన్నుతో, ఎక్కడా సిరా చెదరకుండా, శుభ్రంగా ఎత్తాను. నీట్‌గా వచ్చిందని మెచ్చుకున్నారు. నేను పొంగిపోయాను కూడా. ఇంటికొచ్చి చెబితే మా నాయన ఏమీ అనకుండా బీడీ ముట్టించుకున్నాడు.

ఆ రోజుల్లో గుళ్లకు మాత్రం భాగ్యం దక్కింది. కృష్ణా తుంగభద్రలు కలిసేచోట కూడవెల్లిలో ఉన్న సంగమేశ్వరుడి గుడి, బాదామి చాళుక్యుల కాలంనాటిది. దాన్ని రాయి రాయికీ నంబరు వేసి, విప్పి, అలంపురానికి తెచ్చి, మళ్లీ అదే వరుసలో పేర్చారు. మా దిక్కు సోమశిల, జటప్రోలు గుళ్లు కూడా ఇట్లాగే ఒడ్డెక్కాయి. ఇప్పుడు అలంపురం జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. పోతే చూడండి, ఈ గుడి పుట్టింది ఇక్కడ కాదంటే నమ్మరు. విమానం డబ్బాలో నంబర్ల ముక్కలు చూసినప్పుడే నాకు ఆ రాళ్లు మెదిలాయి. ఇళ్లకు ఎవరూ నంబర్లు వెయ్యలేదు. మట్టి మిద్దెకు నంబరు ఎక్కడ వేస్తారు? దూలాలు, తలుపులు పీక్కుని వచ్చేశాం, మిగతాది నీళ్లు చూసుకున్నాయి.

నాగార్జునసాగర్ కింద మునిగిన లోయకు నాగార్జునకొండ మ్యూజియంలో నమూనా చేసి పెట్టారు. ఆ లెక్కన పురావస్తు శాఖ, నేను ఒకే పనిలో ఉన్నాం. ఈ మాట అన్నందుకు కూడా నాకు ఇంట్లో అక్షింతలు పడ్డాయి.

స్కేలు ఒకటికి వంద అనుకున్నాను. మీటరుకు సెంటీమీటరు. టేబుల్ మీద ఊరంతా పట్టదు, మా గేరి వరకే. గోడలకు పెళ్లి కార్డులు. అంత మందం అట్ట ఎక్కడ దొరుకుతుంది చెప్పండి? పీర్ల చావడి గోడను లోపలినుంచి చూస్తే 'జ్యేష్ఠ పుత్రిక' అని బంగారు అక్షరాలు కనిపిస్తాయి. దూలాలకు చీపురు పుల్లలు. మట్టికి, వాడేసి ఎండబెట్టిన టీ పొడి, ఫెవికాల్ మీద చల్లి నొక్కాలి. మా నల్లరేగడికి సరిగ్గా సరిపోయింది. చెట్లకు గిన్నెలు తోమే స్క్రబ్బర్ తుంపి తీగకు గుచ్చాను. గిన్నెలు తోమడానికి మా ఇంటామె వేళ్లే మిగిలాయి.

పని చేస్తుంటే అసలు గమ్మత్తు ఎక్కడుందో తెలిసింది. తలుపు గడపకు సున్నం చార గియ్యాలంటే మోచేతిని టేబుల్‌కు ఆనించి, బ్రష్షు పట్టి, ఊపిరి బిగబట్టి, గీసి, వదలాలి. మళ్లీ బిగబట్టాలి, వదలాలి. యోగా మాస్టారు ఫీజు తీసుకుని చేయించేదీ అదే కదా. ఆ క్షణంలో మెదడులో రెండో ఆలోచనకు తావుండదు. ఉంటే చార వంకర పోతుంది. పైగా తప్పు చేస్తే తప్పు కనబడుతుంది, గీకి మళ్లీ గియ్యొచ్చు. అర్ధరాత్రి అనుమానాలకు ఆ సౌకర్యం లేదు. వాటిని పట్టుకుని గీకడానికి ఏమీ ఉండదు.

దీనికి పెద్ద శాస్త్రమే ఉంది. మనిషి తన నేర్పుకు సరితూగేంత కష్టమున్న పనిలో పడితే కాలం తెలియదు, తానున్నదే మరిచిపోతాడని హంగేరీ మూలాలున్న మనస్తత్వ శాస్త్రవేత్త మిహాయ్ చిక్సెంట్‌మిహాయి 1990లో 'ఫ్లో' అని పుస్తకమే రాశాడు. పని మరీ సులువైతే విసుగు, మరీ కష్టమైతే కంగారు, ఆ రెండింటి నడుమ ఈ ఫ్లో. బ్రిటన్‌లో 'మోడల్స్ ఫర్ హీరోస్' అనే సంస్థ యుద్ధాలు చూసి వచ్చిన మాజీ సైనికులకు ఈ కిట్లు ఊరికే ఇచ్చి, కూర్చోబెట్టి చేయిస్తుంది. ఇదంతా మా ఇంటామెకు చెప్పబోయాను. శాస్త్రవేత్త పేరు దగ్గరే నాలుక తిరగలేదు.

"అంత పేరు పలికేసరికే మనిషి అన్నీ మరిచిపోతడు. ఇంగ బొమ్మలెందుకు?" అన్నది. తర్వాత పక్కింటామెకు తన సొంత సిద్ధాంతం చెప్పడం గోడవతల నుంచి విన్నాను: "రెండు గంటలు నోరు మూసుకుని కూసుంటడు. ఆయనకేమో గానీ నాకు మస్తు నయమైంది."

మా కోడలు మాత్రం చదువుకున్న పిల్ల, ఊరికే నవ్వి వదలదు. బొమ్మలు చేస్తే అన్ని బాధలూ పోవు మామయ్యా అని, 2022లో పెట్టిన టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు అని చెప్పి ఫోన్‌లో ఎక్కించింది. నా ఫోన్‌లో కాదు, మా ఇంటామె ఫోన్‌లో. "మామయ్యతో ఉండేది మీరే కద అత్తమ్మా" అన్నదట.

ఇక మీకు బాకీ ఉన్న సంగతి. మా ఇల్లు.

గేరిలో ఇళ్లన్నీ పెట్టాక మా ఇల్లు పెట్టాను. దూరం నుంచి చూస్తే గడీలా కనబడింది. నాకైతే న్యాయంగానే ఉన్నట్టనిపించింది. మా ఇంటామె చేతులు కడుక్కుని వచ్చి, చుట్టూ ఒకసారి తిరిగి, నా స్కేలే తీసుకుని కొలిచింది. డ్రాఫ్ట్స్‌మన్ పెళ్లాం, ఆ మాత్రం తెలుసు.

"మీ ఇంటి తలుపుల ఏనుగు పడ్తది. మా ఇంటి తలుపుల పిల్లి కూడ పట్టేటట్టు లేదు."

"అది... పర్స్‌పెక్టివ్" అన్నాను.

"ఊరంతా ఒకటికి వంద, మీ ఒక్క ఇల్లేమో ఒకటికి డెబ్బై. ముంపు పరిహారం నీ స్కేలుతోని లెక్క కట్టి ఉంటే ఈపాటికి బంజారాహిల్స్‌ల ఉందుము."

ఊరి పేరు ఎందుకు చెప్పనో అర్థమైంది కదా? మా ఊరివాళ్లు ఎవరైనా ఇది చదివితే మా ఇంటి అసలు కొలత నాలుగు జిల్లాల్లో పాకిపోతుంది. పాకనే పాకింది, అది వేరే విషయం. ఆమె ఫోటో తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఆ ఆదివారం నుంచి జనం రాక మొదలైంది. కొల్లాపూర్ నుంచి, పెబ్బేరు నుంచి, హైదరాబాద్‌లో ఫ్లాట్లు కొన్నవాళ్లు కార్లలో. ఎవరూ నా పనితనం చూడరు. గోడకు పూసిన ఎర్రమన్ను రంగు కోసం నేను పసుపు, ఇటుక పొడి ఎన్ని పాళ్లలో కలిపానో ఎవరూ అడగరు. అందరూ వేలు పెట్టి తప్పులే చూపిస్తారు. చింతచెట్టు చావడికి కుడివైపు కాదు, ఎడమవైపు. మోటబావి గిలక అటు కాదు, ఇటు. రెండు వర్గాలయ్యాయి. చింతచెట్టును పీకి మళ్లీ మళ్లీ నాటాను. నిజం చెట్టయితే ఎప్పుడో చచ్చేది.

ఒక పెద్దాయన వచ్చాడు, మా నాయన ఈడు. చాలాసేపు చూసి, "నా బర్రె యాడ?" అన్నాడు. ఆయన కొట్టంలో బర్రె ఉండేదట, ఊరు ఖాళీ చేసేటప్పుడు అమ్మేశాడట. సరేనని ఎంసీల్‌తో బర్రెను చేసి, నల్లరంగు వేసి పెట్టాను. ఆయన అద్దాలు సవరించుకున్నాడు.

"ఇది బర్రె గాదు, కుక్క. కుక్క కూడ మన ఊరిది గాదు."

అయినా దాన్ని కదలనివ్వలేదు. పొద్దుగూకేదాకా టేబుల్ దగ్గర్నుంచి లేవలేదు. ఏ ఇంట్లో ఎవరు ఎవరితో కొట్లాడారో, ఎవరి పెళ్లిలో వాన పడిందో, ఏ మిద్దె మీద వడ్లు ఆరబోసేవారో అన్నీ చెప్పాడు. ఆయనతోపాటు వచ్చిన కొడుకు, "నాయన ఇంత మాట్లాడంగ నేను చూడలే" అన్నాడు. నేను లోపలికీ బయటికీ తిరుగుతూ టీలు అందిస్తున్నాను. కళాకారుణ్ణి కదా, కప్పులు కూడా నేనే కడిగాను.

మా మనవడు సెలవుల్లో వచ్చి, ఇంత గొప్ప ఊరిని ఒక్క చూపు చూసి, తన బొమ్మ కారు తెచ్చి బొడ్రాయి పక్కన పార్క్ చేశాడు. కారు మా మేనమామ ఇల్లంత ఉంది. తియ్యరా అంటే, "పార్కింగ్ లేని ఊరేంది తాతా?" అన్నాడు.

కృష్ణమ్మ సంగతి చెప్పకుండా దాటెయ్యాలనుకున్నాను గానీ, మీరు ఎటూ మా ఇంటామె నోట వింటారు. ఊరి పక్కన నది కావాలి. నీలం కాగితం పెట్టాను, స్కూలు ప్రాజెక్టులా ఉంది. బీరువాలో, కింది అరలో, ప్లాస్టిక్ కవరులో నీలం రంగు గుడ్డ కనబడింది, అంచున జరీ. పొద్దుటెండ పడిన కృష్ణ అచ్చం అట్లాగే ఉంటుంది. కత్తిరించాను.

అది గద్వాల చీర. కోడలి పుట్టింటివాళ్లు పెట్టింది. మా ఇంటామె మేనకోడలి పెళ్లికని మడత విప్పకుండా దాచింది. నేను కత్తిరించింది దాని రవిక ముక్క.

కోడలు గద్వాల పిల్ల, మగ్గాల గేరి నుంచి వచ్చింది. ఏడవాలో నవ్వాలో తెలియక ముక్క చేతిలో పట్టుకుని నాకు పాఠం చెప్పింది. గద్వాల చీరకు నడుమంతా నూలు, అంచూ కొంగూ పట్టు. అంచుకు వేరే కండె, నడుముకు వేరే కండె. రెండూ కలిసేచోట పోగు పోగునూ మెలేసి కలుపుకుంటూ నేస్తారు, దాన్ని కుప్పడం అంటారు. ఒక్కరు కూర్చుంటే కాదు, మగ్గం మీద పక్కపక్కన ఇద్దరుండాలి. చీర మడిస్తే అగ్గిపెట్టెలో పడుతుందని గద్వాల వాళ్లు చెప్పుకునేది ఆ నేర్పు గురించే. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

"మీరు కరెక్టుగా కుప్పడం మీదనే కత్తెర పెట్టిన్రు మామయ్యా."

రెండు రోజుల్లో జరీ దగ్గర పోగులు ఊడి వేళ్లాడాయి. కృష్ణ ఒడ్డు కోతకు గురైంది. నా చెయ్యి కూడా పనిమంతుల చెయ్యే అని గేరిలో నలుగురికీ చెప్పుకుని తిరుగుతున్న కాలమది. ఒకటికి వంద స్కేలులో వంకర టింకర మిద్దెలు కట్టి పొంగిపోతున్న నేను, పోగుకు పోగు మెలేసినవాళ్ల పని మీద కత్తెర పెట్టాను.

మా ఇంటామె మాట్లాడటం మానేసింది. సైఫన్ ఆగింది, నది ఎండింది. మేనకోడలి పెళ్లికి వేరే చీర కట్టింది. పెళ్లిలో ఎవరో, ఏందక్కా గద్వాల చీర కడతానంటివి అంటే, "అది కృష్ణల కలిసింది" అన్నదట.

ఇవన్నీ ఇట్లా ఉండగా నాకు నిద్ర మాత్రం వచ్చేసింది. తొమ్మిదిన్నరకల్లా పడుతుంది. గురక కూడా పెడుతున్నానట. ఇప్పుడు నిద్ర లేనిది ఆమెకు. ఎప్పుడైనా మెలకువ వస్తే హాల్లో లైటు వెలుగుతుండేది. సీరియల్ చూస్తోందేమో అనుకుని అటు తిరిగి పడుకునేవాణ్ణి.

మొన్న ఒక పొద్దున టేబుల్ దగ్గరికి పోయి చూస్తే గేరిలో ఏదో తేడా. మా మేనమామ ఇల్లు, అంటే ఆమె పుట్టిల్లు, నేను కట్టింది కాదు. కొత్తది. గోడలకు అసలు సున్నం. వాకిట్లో ముగ్గు. మనం సూదితో కూడా గియ్యలేం అట్లా, చుక్కలు లెక్కపెట్టొచ్చు. వసారాలో ఉయ్యాల, దానికి గొలుసు, ఎక్కడో తెగిన పట్టీలది. పెరట్లో దండెం, దండెం మీద నీలం గుడ్డ పేలిక, అంచున జరీ. విడిపోయిన పోగులన్నీ మళ్లీ మెలేసి ముడివేసి ఉన్నాయి. ఎక్కడా గమ్ము మరక లేదు.

నా ఇన్నాళ్ల పనితనం దాని పక్కన ఎట్లుందో నేను చెప్పను.

కానీ డ్రాఫ్ట్స్‌మన్ కన్ను ఊరుకోదు కదా. ఆ ఇంటి ముందు మా ఇల్లు పశువుల కొట్టంలా కనబడుతోంది. స్కేలు తీసి కొలిచాను. మళ్లీ కొలిచాను. ఒకటికి యాభై. రెండు గదుల ఇల్లది, నాకు తెలియదా, నేను పెరిగిందే అక్కడ! ఇప్పుడు దాంట్లో కూడవెల్లి గుడి పడుతుంది.

"పొద్దుగాల్నే ఏం కొలుస్తున్నవ్ బావా?" వంటింట్లోంచి గొంతు.

"ఏం లేదు. దుమ్ము దులుపుతున్న."

"దులుపు, దులుపు. మీ కొట్టం మీద శానా పడింది."